ట్రిగ్గర్ నొక్కినా పేలలేదా, వెంటనే తెరవకండి
పంట కాపలా లైసెన్స్ మీద కొత్తగా 12 బోర్ తుపాకీ తీసుకున్నవాళ్లకు ఒక మాట. ట్రిగ్గర్ నొక్కితే టక్‌మని ఊరుకుందా, టెన్షన్‌లో వెంటనే తెరవకండి, తూటాలోని మందు ఆలస్యంగా అంటుకోవచ్చు, బ్యారెల్ మనుషుల్లేని దిక్కుకే పెట్టి కనీసం 30 సెకన్లు ఆగాలి. దేవరకొండ దగ్గర మా పల్లి చేను గట్టున నాకు రెండుసార్లు ఇలాగే అయింది. తూటాలదే తప్పనుకున్నా. పక్క ఊళ్లో ఎప్పటినుంచో తుపాకీ ఉన్న పెద్దాయన తూటా అడుగు తిప్పి, మందును అంటించే చిన్న బిళ్ల, అదే ప్రైమర్, చూపించి, "ప్రైమర్ మీద సొట్ట చూడు బిడ్డా, గోటితో నొక్కినంత కూడా లేదు" అన్నాడు. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు చిక్కబడి ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్‌ను పట్టేసిందట. ఇంట్లో విప్పలేదు, లైసెన్స్ ఉన్న రిపేరు షాపుకు పట్టుకెళ్తే శుభ్రం చేసి ఇచ్చారు. వెళ్లేటప్పుడు తూటాలు తీసేసి, లైసెన్స్ పుస్తకం మాత్రం జేబులోనే ఉంచుకోండి.