ఊరి వాతావరణ పుస్తకం రాసుకోవడం ఎలా?

శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలినా, విజయనగరం మెట్ట ఊళ్లలో చెరువులు ఎండినా, "వాతావరణం మారిపోయింది" అన్న ఒక్క మాటతో కారణం తేలిపోయినట్టు భావించడం మనకు అలవాటైపోయింది. ఆ మాట కొన్నిసార్లు పూర్తి నిజం, కొన్నిసార్లు సగం నిజం, మరికొన్నిసార్లు కళ్లెదుటి కారణాన్ని కప్పిపుచ్చే సాకు. ఈ మూడింటినీ వేరు చేయాలంటే ఊరికో పుస్తకం ఉండాలి. అందులో వాన, ఎండ, పంట, తీరం ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో నమోదు కావాలి. ఉన్నత పాఠశాల విద్యార్థులైనా, రైతులైనా, మత్స్యకార యువకులైనా పెద్ద ఖర్చు లేకుండా ఈ పని చేయవచ్చు.

మొదటి పుట: మూలకారణం

భూమి ఎందుకు వేడెక్కుతోందో పుస్తకం మొదట్లోనే రాసుకోవాలి. కారణం తెలియకపోతే ఏ కొలత దేనికి పనికివస్తుందో తెలియదు. సూర్యకాంతికి వేడెక్కిన నేల, సముద్రం ఆ వేడిని పరారుణ కిరణాలుగా తిరిగి పైకి పంపుతుంటే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నీటి ఆవిరి అందులో కొంత పీల్చుకొని మళ్లీ కిందికి వదులుతాయి. జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త 1859లోనే ఈ సంగతిని ప్రయోగశాలలో కొలిచి చూపాడు. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్, 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతంపై కొలవడం మొదలుపెట్టేనాటికి 315 దాకా చేరింది; ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, చమురు, సహజవాయువులను మండించడం దీనికి ప్రధాన కారణం. అడవుల నరికివేత, సిమెంటు తయారీ ఆ తరువాతివి. నీళ్లు నిలిచిన వరిమడి నుంచి వెలువడే మీథేన్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది గాని, బొగ్గు, చమురుల ముందు దాని వాటా చిన్నది. 2011–2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత 1850–1900 నాటి కంటే దాదాపు 1.1 డిగ్రీలు ఎక్కువగా ఉంది.

ఈ కారణాన్ని ఊరిలో కొలవలేము. కార్బన్ డయాక్సైడ్ ఏ దేశంలో వెలువడినా కొంతకాలానికి గాలి అంతటా కలిసిపోతుంది. మనం కొలవగలిగేవి ఫలితాలు మాత్రమే.

వాన

అడుగు చదునుగా, గోడలు నిట్టనిలువుగా ఉన్న డబ్బా ఏదైనా వానమాపకంగా పనికివస్తుంది. అందులో నిలిచిన నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిస్తే అదే వర్షపాతం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. డబ్బాను చెట్లకు, గోడలకు వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. వాతావరణ శాఖ పాటించే వేళ ప్రకారం ప్రతి ఉదయం 8:30 గంటలకు కొలిచి, నీరు పారబోసి, అంతకు ముందు 24 గంటల వానను ఆ రోజు తేదీ కింద రాయాలి. వాన లేని రోజున సున్నా వేయాలి, ఎందుకంటే ఖాళీగా వదిలిన గడిని చూసి వాన పడలేదో, కొలిచేవారు ఊరెళ్లారో తరువాత ఎవరూ చెప్పలేరు.

ఏడాది మొత్తం వర్షపాతం ఒక్కటే చూస్తే అసలు మార్పు తప్పిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగలిగే నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. కనుక మొత్తం వాన పాతరోజుల్లోలాగే ఉన్నా, అది తక్కువ రోజుల్లో కుండపోతగా కురిసే అవకాశం హెచ్చుతుంది. అందుకే నెలాఖరున రెండు లెక్కలు తీయాలి. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడిన రోజులు ఎన్ని? 64.5 మిల్లీమీటర్లు, ఆపైన పడిన రోజులు, అంటే వాతావరణ శాఖ భారీ వర్షమని పిలిచేవి, ఎన్ని? రెండు వానల నడుమ వరుసగా ఎన్ని పొడి రోజులు గడిచాయో కూడా రాస్తే, వరి నాట్లు ఎందుకు ఆలస్యమయ్యాయో ఆ పుటే చెబుతుంది.

ఎండ

ఉష్ణమాపకాన్ని డాబా మీదా, రేకుల కిందా పెట్టకూడదు. గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేల నుంచి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున, నీడలో ఉంచాలి. పగటి గరిష్ఠంతోపాటు రాత్రి కనిష్ఠాన్నీ రాయాలి. నా అభిప్రాయంలో మన తీరప్రాంతానికి రెండోదే ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే రాత్రి చల్లబడకపోతే పగలు పనిచేసిన ఒంటికి విశ్రాంతి దొరకదు. వీలైతే మరో ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి పక్కనే ఉంచాలి. రెండింటి అంకెలు దగ్గరపడే కొద్దీ గాలిలో తేమ పెరిగిందని, చెమట ఆరదని అర్థం. కళింగపట్నంలో 36 డిగ్రీలు లోపలి మెట్ట ప్రాంతపు 40 డిగ్రీల కంటే ఎందుకు దుర్భరంగా ఉంటాయో దీనివల్ల తెలుస్తుంది. తీరప్రాంతాలకు వడగాలుల హెచ్చరిక 37 డిగ్రీల నుంచే పరిశీలనలోకి రావడానికీ కారణం ఇదే.

పాత సంగతులు

శీతోష్ణస్థితిని నిర్ణయించడానికి శాస్త్రవేత్తలు 30 ఏళ్ల సగటు తీసుకుంటారు. అంతకాలం మనం ఆగనక్కరలేదు. కళింగపట్నంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది, మండలాల్లో వర్షపాత నమోదులు ఉన్నాయి, గ్రామ అడంగళ్లలో ఏ పంట ఎప్పుడు వేశారో దొరుకుతుంది. పెద్దవారిని అడిగేటప్పుడు నెలను కాక కార్తెను అడగడం మంచిది. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కనుక దాని నెలలు ఏటా ముందుకు జరిగి, అధికమాసంతో మళ్లీ వెనక్కి వస్తాయి. కార్తెలు సూర్యుడి గమనాన్ని బట్టి ఏర్పడినవి కనుక రోహిణి ఏటా మే చివరివారంలో, మృగశిర జూన్ మొదటి పక్షంలో వస్తాయి. "మృగశిరకు దుక్కి తడిసేది" అని ఒక పెద్దాయన చెబితే, ఆ మాటను వానమాపకం అంకెలతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అయితే జ్ఞాపకం తుపాను ఏళ్లను పెంచి చెబుతుంది, మామూలు ఏళ్లను మరచిపోతుంది. కనుక ఇద్దరు ముగ్గురు విడివిడిగా చెప్పినదే రాయాలి.

కారణాలను వేరు చేయడం

పుస్తకంలో అన్నిటికంటే కష్టమైన గడి ఇది. ప్రతి నష్టం ఎదుటా "ఇంకేమి కారణాలు ఉండవచ్చు?" అన్న ప్రశ్న రాసి జవాబులు వెతకాలి.

తుపాన్లను తీసుకుందాం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో గంటకు 140–150 కిలోమీటర్ల గాలులతో తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఈ రెండింటినీ చూపి తుపాన్ల సంఖ్య పెరిగిందని రాయడం సరికాదు. ప్రపంచవ్యాప్తంగా తుపాన్లలో తీవ్రమైన వాటి పాలు పెరుగుతోందని, వాటి వెంట వచ్చే వాన పెరుగుతోందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. వేడెక్కిన సముద్రం అందుకు శక్తినిస్తుంది. కనుక తుపాను వచ్చిన ప్రతిసారి గాలి వేగం, వాన, ఉప్పెన ఎక్కడిదాకా వచ్చిందీ వేరువేరుగా రాయాలి.

తీరం కోతకు మరో పరీక్ష ఉంది. 1901–2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ పెరుగుదల ఇటీవల వేగం అందుకుంది. కాని మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను ఈశాన్య దిశగా ఎక్కువగా తోస్తాయి. అందువల్ల సముద్రంలోకి గట్టు కడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. మీ రేవుకు దక్షిణంగా అలాంటి కట్టడం ఉంటే మొదట దాన్ని అనుమానించాలి. వంశధార, నాగావళి తెచ్చే ఇసుక ఆనకట్టల దగ్గర ఆగిపోవడం, ఇసుక తవ్వకం, సరుగుడు, మొగలి పొదల నరికివేత కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక గుడి గోడనో, బావి గట్టునో గుర్తుగా పెట్టుకొని, ఏటా అదే నెలలో పౌర్ణమి పోటు గీత దాకా టేపుతో కొలిస్తే నమ్మదగిన వరుస తయారవుతుంది.

చెరువు ఎండితే వాన అంకెతోపాటు కాలువల పూడిక, ఆక్రమణ, చుట్టుపక్కల బోర్ల సంఖ్యా రాయాలి. వాన తగ్గిన ఏడాది ఎల్ నినో, అంటే పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కి మన రుతుపవనాలు బలహీనపడే అవకాశమున్న, ఏడాదేమో చూడాలి. 2015లో, 2023లో అలా వేడెక్కిన సంగతి గమనార్హం. శ్రీకాకుళం ప్రాంతం అప్పట్లో భాగంగా ఉన్న గంజాం జిల్లాను 1866లో తీవ్ర కరువు పట్టిందన్నది కూడా మరవరాదు. కరువులు కొత్తవి కావు. ఉద్దానం మూత్రపిండాల వ్యాధిని ఎండల ఖాతాలో రాసేయడమూ తొందరపాటే. ఎండలో శ్రమ, తాగునీరు పరిశోధకులు పరిశీలిస్తున్న అంశాల్లో ఉన్నాయి గాని, అసలు కారణం ఇంకా నిర్ధారణ కాలేదు.

పంటలు, ప్రాణులు

వరి పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించితే తాలు గింజ పెరుగుతుంది, కనుక పూత తేదీ తప్పక రాయాలి. జీడిమామిడి పూత మొదలైన రోజు, ఆ వారాల్లోని మబ్బు, మంచు, అకాల వాన రాస్తే చాలు. తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట ఇసుక వేడిని కూడా నమోదు చేస్తే మంచిది. గుడ్ల నుంచి ఆడ పిల్లలు వస్తాయో మగ పిల్లలు వస్తాయో ఆ వేడి నిర్ణయిస్తుంది, వేడి పెరిగితే ఆడవి ఎక్కువవుతాయి.

పుస్తకానికి రెండో ప్రతి తీసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, తుపాను ఆశ్రయ భవనంలోనో, పాఠశాల పై అంతస్తులోనో ఎత్తైన అలమారలో ఉంచాలి. కొలత బాధ్యత ఒకరి నుంచి మరొకరికి మారిన తేదీని, డబ్బా మార్చినా, చోటు మార్చినా ఆ సంగతిని అదే పుటలో ఎర్ర సిరాతో రాయాలి. పరికరం జరిగినందువల్ల వచ్చిన తేడాను వాతావరణం మార్పుగా పొరబడే ప్రమాదం అక్కడే ఉంటుంది.