సెనోటేలో దిగేముందు ఒకసారి తలెత్తి పైకి చూడండి

మా ఊరి దిగుడు బావిలో, నడుముకి సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నవాణ్ని నేను. అందుకే మెక్సికోలో మొదటి సెనోటే, అంటే నేలలో సహజంగా పడ్డ నీటి గొయ్యి, చూడగానే "ఓస్, బావేగా!" అనుకున్నాను. చూడ్డానికి బావిలాగే ఉంటుంది కూడా: మెట్లు, లోపల చల్లటి చీకటి, గోడ పగుళ్లలో పిట్టల గూళ్లు. తేడా ఏంటంటే మన బావికి చుట్టూ గోడ ఉంటుంది, దీనికి ఒక పక్క ఉండదు. నీళ్లు అలాగే బండ కిందకి దూరి ఎక్కడికో వెళ్లిపోతాయి.

ఈ సెనోటేలుండే మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దాదాపు మొత్తం సున్నపురాయే, మన బెలూం గుహలు ఏర్పడ్డ రాయి లాంటిదే. పుల్లదనం తగిలిన వాననీళ్లు వేల ఏళ్లు ఆ రాయిని కరిగించి సొరంగాలు చేస్తాయి, ఎక్కడో పైకప్పు కూలి గొయ్యి పడుతుంది, అదే సెనోటే. అక్కడ నేల మీద నదులు లేనట్టే, ఉన్నవన్నీ కిందే. టులుమ్ అనే ఊరి దగ్గర సాక్ అక్తున్, డోస్ ఓహోస్ అనే రెండు నీటి గుహలు నిజానికి ఒకటేనని 2018లో డైవర్లు తేల్చారు, అప్పటి కొలత ప్రకారం రెండూ కలిపి 347 కిలోమీటర్లు. మీరు సరదాగా కాళ్లు ఆడిస్తున్న ఆ నీలం గుంట అంత పెద్ద సొరంగానికి ఒక కిటికీ మాత్రమే.

కాబట్టి ఈతైనా, స్నార్కెలింగైనా (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందకి చూడటం), సిలిండర్‌తో డైవింగైనా నేను అడిగేది ఒకటే. ఇప్పుడు నా నెత్తి మీద ఆకాశం ఉందా, రాయి ఉందా? ఆకాశం ఉంటే భయం తక్కువ. రాయి ఉంటే లెక్క మారిపోతుంది, ఎందుకంటే ఊపిరి అందకపోతే నేరుగా పైకి వచ్చేయడం కుదరదు.

ముందు ప్రయాణం సంగతి. పాస్‌పోర్టులో చెల్లుబాటు అయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి విడిగా టూరిస్టు వీసా అక్కర్లేదు, డల్లాస్, హ్యూస్టన్ మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే కాన్‌కూన్ ఫ్లైట్ ఎక్కేది అందుకే. ప్లాయా దెల్ కార్మెన్ అనే ఊరి నుంచి టులుమ్ దాకా 307 హైవే మీద కొలెక్తీవో అనే వ్యాన్లు తిరుగుతుంటాయి, మన షేర్ ఆటో లెక్క, దారిలో సెనోటే గేటు దగ్గర దింపమంటే దింపుతారు. చేతిలో పెసోలు నగదుగా ఉంచుకోండి, చాలా చోట్ల కార్డు తీసుకోరు.

గేటు దాటగానే షవర్ ఉంటుంది, అది మొక్కుబడికి కాదు. సన్‌స్క్రీన్, దోమల క్రీమ్, సెంటు ఏదీ ఒంటి మీద ఉండకూడదు, ఆ నీళ్లకి పారుదల తక్కువ, పైగా చుట్టుపక్కల ఊళ్ల తాగునీరు కూడా ఆ భూగర్భ జలమే. మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది తలకి రాసుకున్న కొబ్బరినూనె. మా ఆవిడ పొద్దున్నే అలవాటుగా పాపకి నూనె రాసి జడ వేసింది, షవర్ దగ్గరున్న అమ్మాయి నీళ్ల మీద తేలుతున్న మెరుపు చూసి వెనక్కి పంపింది, జడ విప్పి రెండుసార్లు కడిగాక గానీ వదల్లేదు. ఎండ భయం ఉంటే పొడుగు చేతుల స్విమ్ టీషర్టు వేసుకోండి. కాటన్ చుడీదార్‌తో మాత్రం దిగొద్దు, తడిస్తే అది కిందకి లాగుతుంది.

ఈతకి లైఫ్ జాకెట్ చాలా చోట్ల తప్పనిసరి, తప్పనిసరి కాని చోటా వేసుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇది మంచినీరు, సముద్రంలో తేలినంత తేలికగా తేలరు. ఏడాది పొడుగునా 24, 25 డిగ్రీలుంటుంది, ఎండలోంచి వచ్చి దిగితే ఒక్కసారి ఊపిరి బిగుసుకుంటుంది, మెట్టు మీద నిలబడి మెడదాకా నెమ్మదిగా దిగండి. దూకడం అనుమతించిన చోటే, అనుమతించిన గట్టు మీంచే దూకండి. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే పది మీటర్ల కింద రాయి మోకాలి లోతులో ఉన్నట్టు, మోకాలి లోతు రాయి అసలు లేనట్టు కనబడి మోసం చేస్తుంది.

స్నార్కెలింగ్‌కి మొదటిసారి వెళ్తే టులుమ్ దగ్గరి గ్రాన్ సెనోటే బాగుంటుంది, నిలబడే లోతు ఉంది, తాబేళ్లు కనిపిస్తాయి. జనం ఎక్కువ, గేటు తెరిచే వేళకి ఉండాలి. వయ్యదోలీద్ అనే ఊరి దగ్గరి సుయ్‌తున్ సెనోటే ఫొటోల్లో అద్భుతం, వెళ్తే క్యూలో నిలబడి నీళ్ల మధ్యలోని రాతి తిన్నె మీద ఒక ఫొటో దిగి రావడమే, ఈత కోసమైతే నేను వెళ్లను.

మాస్కులో నీళ్లు వస్తున్నాయా? అయితే మాస్కు తప్పు కాదు, మీ మీసం తప్పు. ముక్కు కింద రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో వెంట్రుకలుంటే నీళ్లు వాటి సందుల్లోంచి ఊరుతూనే ఉంటాయి. ముక్కుకి ఆనుకుని ఉన్న వరస మాత్రం సన్నగా కత్తిరించుకోండి, మీసం పరువు పోదు. అద్దం మసకబారకుండా లోపలివైపు ఉమ్మి రుద్ది కడిగితే చాలు. గొట్టంలో నీళ్లొస్తే తల ఎత్తేయకుండా గట్టిగా "ఫూ" అని ఊదండి, ఇది ముందు నిలబడే లోతులో పదిసార్లు చేసి చూసుకోండి. టార్చి ఉంది కదా అని బండ కిందకి ఈదుకుంటూ పోవద్దు, గైడు వెంట ఉంటే తప్ప.

ఇక డైవింగ్. అండమాన్ హావ్‌లాక్‌లోనో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఇంకెక్కడో ఓపెన్ వాటర్ కార్డు, అంటే డైవింగ్ మొదటి మెట్టు సర్టిఫికెట్, తెచ్చుకున్నవాళ్లని గుహ ముఖం వరకు తీసుకెళ్తారు, దీన్ని కేవర్న్ డైవ్ అంటారు. పగటి వెలుతురు కనబడుతూ ఉండాలి, బయటికి 60 మీటర్ల లోపే ఉండాలి. గైడుకి పూర్తి కేవ్ డైవింగ్ సర్టిఫికెట్ ఉండాలి, ఒక గైడుకి నలుగురే డైవర్లు. ఐదో మనిషిని కలుపుతానంటే డబ్బులు వెనక్కి అడిగి వచ్చేయండి. గాలిని మూడు వంతులు చేస్తారు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకి ఒకటి. అంటే సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) తో దిగితే గేజు 135 దగ్గరికి రాగానే ఎవరిదైనా సరే, అందరూ వెనక్కి తిరగాల్సిందే. సముద్రంలో కట్టుకున్నంత బరువు ఇక్కడ కట్టుకుంటే రాయిలా మునిగిపోతారు, కొంత తగ్గించుకోవాలి. కాళ్లు పైకీ కిందకీ ఆడించొద్దు, అడుగున ఉన్న మెత్తటి మట్టి లేచిందంటే చెయ్యి కూడా కనబడదు. మన కప్ప ఈత ఉంది చూశారా, అలా కాళ్లు పక్కలకి తన్నాలి.

మొదటి డైవ్‌కి డోస్ ఓహోస్ చాలు, లోతు పది మీటర్లు మించదు. అంజెలిటా అనే సెనోటేలో 30 మీటర్ల లోతు దగ్గర మేఘంలా పరుచుకున్న వాయువు పొర, అందులోంచి పైకి లేచిన చెట్ల కొమ్మలు, అది అనుభవం వచ్చాక. తీరం దగ్గరి సెనోటేల్లో పైన మంచినీరు, కింద ఉప్పునీరు ఉంటాయి, రెండూ కలిసే చోట కళ్లు మసకలు కమ్మినట్టు అవుతుంది. పానకంలో బెల్లం కరుగుతున్నప్పుడు తీగలు తీగలుగా కనబడుతుందే, సరిగ్గా అలా. మాస్కు పాడైందని టెన్షన్ పడకండి, ఒక మీటరు పైకి వస్తే మళ్లీ అద్దంలా ఉంటుంది.

లోపలికి వెళ్లే దారి దగ్గర కొడవలి పట్టుకున్న అస్థిపంజరం బొమ్మతో బోర్డు కనిపిస్తుంది, ఇక్కడితో ఆగు అని. అది మన యమధర్మరాజు బోర్డు అనుకోండి. దాని అవతల చనిపోయినవాళ్లలో ఓపెన్ వాటర్ డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారు.

డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి చివరి రోజు చిచెన్ ఇట్సా అనే పాత మాయా నగరానికి పెట్టుకోండి. అక్కడి పవిత్ర సెనోటేలో మాయా ప్రజలు బంగారం, పచ్చరాళ్లు, మనుషుల్ని కూడా దేవుడికి సమర్పించేవారు. దాన్ని గట్టు మీద నుంచి చూడటమే, దిగనివ్వరు. ఈత కావాలంటే దగ్గర్లోనే ఇక్ కిల్ అనే సెనోటే ఉంది, నేల మట్టం నుంచి 26 మీటర్లు మెట్లు దిగాలి. మధ్యాహ్నం టూరిస్టు బస్సులన్నీ అక్కడే ఆగుతాయి, పొద్దున్నే ముందు ఇక్ కిల్ చూసుకుని తర్వాత చిచెన్ ఇట్సా గుడులకి వెళ్లండి. ఇక్ కిల్ మెట్లెక్కి పైకొచ్చాక పులిహోర డబ్బా మాత్రం కారులోనే తినండి, నీటి దగ్గరికి తీసుకెళ్లనివ్వరు.