యుద్ధం ఆగిన దేశంలో ఎన్నికలు జరిపించడం ఎలా?

పోలింగ్ తేదీ ఖరారు చేసే ముందే రెండు విషయాలు తేలాలి. తుపాకులు ఎవరి చేతిలో ఉంటాయి? ఓడినవాళ్లకు ఏం మిగులుతుంది? ఇవి తేలకుండా బ్యాలెట్ పెట్టెలు ఎంత పద్ధతిగా సర్దినా ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ముందు మీ పాత్ర తేల్చుకోండి

అంతర్జాతీయ సంస్థ చేయగలిగిన పనులు నాలుగు రకాలు. మొదటిది ఎన్నికలు మొత్తం తానే నిర్వహించడం. కంబోడియా ఎన్నికల్లో (1993), ఇండోనేషియా నుంచి విడిపోవాలా అని తూర్పు తిమోర్‌లో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో (1999) ఐక్యరాజ్యసమితి చేసింది ఇదే. రెండోది, స్థానిక యంత్రాంగం నడుపుతుంటే ప్రతి దశనూ పర్యవేక్షించి "సరే" అనడం. 1989లో నమీబియాలో దక్షిణాఫ్రికా నియమించిన పాలనాధికారి ఎన్నికలు జరపగా, ప్రతి దశకూ ఐరాస ప్రతినిధి మార్టీ అహ్తిసారి సమ్మతి తప్పనిసరి అయింది. అక్కడి ఐరాస దళాల అధిపతి మన దేశానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ ప్రేమ్‌చంద్. మూడోది నేపాల్‌లో లాగా దేశపు ఎన్నికల సంఘానికి సాంకేతిక సాయం. నాలుగోది పరిశీలన, అంటే బయటి నుంచి చూసి నివేదిక ఇవ్వడం.

నిర్వహణ, పరిశీలన రెండూ ఒకే సంస్థ చేతిలో పెట్టకండి. తాను జరిపిన ఎన్నికకు తానే యోగ్యతాపత్రం ఇచ్చుకుంటే ఓడినవాడు నమ్మడు. పరిశీలనను యూరోపియన్ యూనియన్‌కో, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్‌కో, స్థానిక పౌర సంఘాలకో వదిలేయాలి.

ఐరాస దిగాలంటే భద్రతా మండలి లేదా సర్వప్రతినిధి సభ తీర్మానమో, ఆ దేశ అధికారుల లిఖితపూర్వక అభ్యర్థనో కావాలి. తర్వాత అంచనా బృందం వెళ్లి అవసరాలు చూస్తుంది. దాతల డబ్బు చాలాచోట్ల ఐరాస అభివృద్ధి కార్యక్రమం నడిపే ఉమ్మడి నిధిలోకి వస్తుంది. ఆ డబ్బు చేతికందే తేదీని కూడా ఎన్నికల క్యాలెండర్‌లో రాసుకోండి. మాట ఇచ్చిన దాతలందరూ వేళకు పంపరు.

తేదీని ఆయుధాలకు ముడిపెట్టండి

అంగోలాలో 1992 సెప్టెంబరు 29, 30 తేదీల్లో పోలింగ్ ముగిసేసరికి రెండు పక్షాల సైన్యాలూ పూర్తిగా రద్దు కాలేదు. అధ్యక్ష పదవికి అధికారంలో ఉన్న డోస్ శాంటోస్‌కు 49.57 శాతం, తిరుగుబాటు నేత సవింబీకి 40.07 శాతం ఓట్లు పడ్డాయి. సగం దాటలేదు కాబట్టి రెండో విడత జరగాలి. సవింబీ ఫలితాన్ని ఒప్పుకోలేదు, సైన్యమేమో చేతిలోనే ఉంది. యుద్ధం మళ్లీ రాజుకుంది, ఆ రెండో విడత జరగనే లేదు.

మొజాంబిక్‌లో ఈ పాఠం పనికొచ్చింది. 1993 అక్టోబరుకు అనుకున్న ఎన్నికలను, బలగాల రద్దు పూర్తయ్యేదాకా ఆపి, 1994 అక్టోబరులో జరిపారు. తిరుగుబాటు సంస్థ రెనామో రాజకీయ పార్టీగా మారడానికి ఐరాస ప్రత్యేక నిధి పెట్టింది. అడవిలోంచి వచ్చినవాళ్లకు ఆఫీసు, వాహనాలు, ఖర్చులకు డబ్బు ఇవ్వడం చాలామందికి మింగుడుపడదు. నా లెక్కలో ఆ మిషన్ పెట్టిన ఖర్చుల్లో ఇంతకంటే తెలివైనది లేదు. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇచ్చే దామాషా పద్ధతి వల్ల ఓడిన రెనామోకు పార్లమెంటులో గట్టి వాటా కూడా దక్కింది. అధ్యక్ష పదవి ఒక్కటే బహుమానమైన చోట ఓడినవాడికి తుపాకీ తప్ప ఏదీ మిగలదు.

నేపాల్ పద్ధతి ఇంకొంచెం దగ్గరగా చూడదగ్గది. మావోయిస్టు సైనికులను 7 ప్రధాన శిబిరాల్లో, 21 ఉప శిబిరాల్లో ఉంచారు. ఆయుధాలకు నంబర్లు నమోదు చేసి ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంది. కాపలా, తనిఖీ, కెమెరాలు మాత్రం ఐరాసవి. నేపాల్ సైన్యం కూడా అన్నే ఆయుధాలను అలాగే భద్రపరిచింది. ఒక పక్షం ఒక్కటే చేతులు ముడుచుకోవాలంటే ఎవరూ ఒప్పుకోరు. ఎన్నికలు రెండుసార్లు వాయిదా పడి 2008 ఏప్రిల్ 10న జరిగాయి. ఇలాంటి చోట్ల వాయిదా పడిందని కంగారు పడకండి. కారణం చెప్పకుండా వాయిదా వేస్తేనే చేటు.

ఓటర్ల జాబితా

కాగితాలు కాలిపోయిన దేశంలో జనన ధ్రువపత్రం అడిగితే సగం ఊరు బయటే నిలబడుతుంది. దానికి బదులు ప్రమాణపత్రం, ఊరివాళ్లు ఇద్దరి సాక్ష్యం, ఫొటో ఉన్న కార్డు చాలని నియమం పెట్టుకోవాలి. కంబోడియాలో ఇలా దాదాపు 47 లక్షల మందిని నమోదు చేశారు. థాయ్ సరిహద్దు శిబిరాల నుంచి సుమారు 3,60,000 మంది శరణార్థులను ముందే ఇళ్లకు చేర్చారు.

జాగ్రత్తపడాల్సిన చోటు బోస్నియా. నిర్వాసితులు తాము ఇకపై ఉండదలచిన ఊళ్లో ఓటు వేసే వీలు కల్పిస్తూ 1996లో అక్కడి నిర్వాహకులు ఒక దరఖాస్తు పత్రం ప్రవేశపెట్టారు. పార్టీలు దాన్ని వాడుకొని, కావాల్సిన ఊళ్లలోకి తమ జనాన్ని కాగితాల మీద తరలించాయి. స్థానిక ఎన్నికలు ఏడాది వెనక్కి పోయాయి. కాబట్టి కొత్త ఊరు కోరుకునేవాళ్ల నుంచి అక్కడ నివాసానికి రుజువు అడగండి. పాత ఊళ్లో ఓటుకు మాత్రం యుద్ధానికి ముందున్న చిరునామా చాలు.

పోలింగ్ కేంద్రం లెక్క

పది గంటల పోలింగ్ అంటే 600 నిమిషాలు. పొడవాటి బ్యాలెట్‌తో మొదటిసారి ఓటు వేసేవాడికి తెర వెనక రెండు నిమిషాలు పడుతుంది. ఒక కేంద్రానికి 600 మందిని కేటాయిస్తే రెండు తెరలు ఖాళీ లేకుండా నడవాలి, అందుకే మూడు పెట్టండి. క్యూ ఆగిపోయేది తెర దగ్గర కాదు, జాబితాలో పేరు వెతికే బల్ల దగ్గర. జాబితాను రెండుగా చీల్చి ఇద్దరిని కూర్చోబెట్టండి. బ్యాలెట్లు 5 నుంచి 10 శాతం అదనంగా, లెక్క తేలిగ్గా తేలేలా 50 కాగితాల పుస్తకాలుగా పంపండి. చీకటి పడ్డాక లెక్కింపు ఉంటే లాంతర్లు, బ్యాటరీలు కిట్‌లోనే ఉండాలి.

సిరా దగ్గర ఆదమరవకండి. 2004 అక్టోబరు 9న అఫ్గానిస్తాన్‌లో కొన్ని కేంద్రాల్లో చెరగని సిరాకు బదులు బ్యాలెట్ మీద గుర్తు పెట్టే పెన్నులతో వేళ్లకు గీశారు. అది కడిగితే పోయింది. మధ్యాహ్నానికే హమీద్ కర్జాయ్ ప్రత్యర్థులు బహిష్కరణ ప్రకటించారు. నిపుణుల కమిటీ వేస్తేగాని గొడవ సద్దుమణగలేదు. రెండు వస్తువులనూ వేర్వేరు రంగు సంచుల్లో పెట్టండి. శిక్షణలో ప్రతి సిబ్బందీ తన వేలికే సిరా వేసుకొని సబ్బుతో రుద్ది చూడాలి.

లెక్కింపు

పెట్టె తెరిచే ముందు సీలు నంబర్లు ఏజెంట్ల ఎదుట చదవండి. వచ్చిన బ్యాలెట్లు ఎన్నో, వాడినవి, మిగిలినవి, పాడైనవి కలిపితే అన్నే రావాలి. మన దగ్గర పోలింగ్ డ్యూటీ చేసిన టీచర్లకు, పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారం ఎంత ముఖ్యమో తెలుసు, ఇదీ ఆ కోవదే. ఫలితాల పత్రం ఒక ప్రతి గోడకు, ఏజెంట్లకు తలా ఒకటి, ఒకటి సీలు సంచిలోకి.

అయితే ఊరిమీద కక్ష తీర్చుకునే ప్రమాదం ఉన్నచోట ఈ పద్ధతి ప్రాణాంతకం. తిమోర్‌లో పెట్టెలన్నీ రాజధాని దిలీకి తెచ్చి, కాగితాలు కలిపేసి, దేశం మొత్తానికి ఒకే అంకె ప్రకటించారు. ఏ ఊరు ఎటు వేసిందో ఎవరికీ తెలియలేదు. అయినా ఫలితం వచ్చాక ఇండోనేషియా పక్షపు సాయుధ ముఠాలు (మిలీషియాలు) ఇళ్లు తగలబెట్టాయి, ఎందుకంటే భద్రత బాధ్యత ఇండోనేషియా బలగాలకే వదిలేశారు. అంతర్జాతీయ దళం దిగింది సెప్టెంబరు 20న, ఫలితం వెలువడిన 16 రోజులకు. ఫలితం చదివే గంటకు దళాలు దేశంలోనే ఉండాలి.

ఫలితం తర్వాత

ఫిర్యాదుల గడువు, విచారణ గడువు, తుది తీర్పు ఎవరిదన్నది నామినేషన్లకు ముందే ముద్రించి పంచండి. మిషన్ వెళ్లిపోయే తేదీని మాత్రం పోలింగ్‌కు ఆనించి పెట్టకండి. కంబోడియాలో నమోదైనవాళ్లలో దాదాపు 90 శాతం ఓటేశారు. 120 సీట్లలో రాజవంశీయుల పార్టీ ఫున్‌సిన్‌పెక్‌కు 58, అప్పటిదాకా పాలించిన హున్ సేన్ పక్షానికి 51 వచ్చాయి. ఓడిన పక్షం చేతిలో సైన్యం, పోలీసు, పాలనా యంత్రాంగం ఉన్నాయి కాబట్టి ఇద్దరు ప్రధానమంత్రులతో సర్దుకోవాల్సి వచ్చింది. ఐరాస మిషన్ ఆ ఏడాదే మూటాముల్లె సర్దుకుంది. 1997 జులైలో హున్ సేన్ బలప్రయోగంతో సహ ప్రధానిని తప్పించాడు. కొత్త ప్రభుత్వం పోలీసు, బడ్జెట్, న్యాయస్థానాలను నిజంగా చేతిలోకి తీసుకునేదాకా ఒక చిన్న బృందాన్నైనా అక్కడ ఉంచండి. దానికి కావాల్సిన డబ్బును పోలింగ్‌కు ముందే విడిగా పక్కన పెట్టించండి, తర్వాత అడిగితే దాతలు చేతులెత్తేస్తారు.