సాగర్ అవతలి గట్టున గుడారం: మాంసం విషయంలో జాగ్రత్తలు

గుంటూరు నుంచి మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ దాటి, తెలంగాణ వైపు గుడారం వేసుకునేవారు ముందే తేల్చుకోవాలి: మాంసం ఇక్కడ కొనాలా, అక్కడా? నా మాట వింటే అక్కడే కొనండి.

• ముందు రోజు వార్తలు చూడండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన కోళ్ల వాహనాలను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆపేశారు. అలాంటి సమయంలో కోడిమాంసం వెంట తీసుకెళ్లవద్దు.

• తీసుకెళ్లక తప్పదంటే ముందు రాత్రే ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, కారని డబ్బాలో పెట్టి, చుట్టూ ఐస్ నింపండి. వండేదాకా 4 డిగ్రీలు దాటకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున పచ్చిమాంసం గంటకు మించి బయట ఉంచితే ప్రమాదమే. మన వేసవిలో ఆ వేడి పొద్దున్నే వచ్చేస్తుంది. ఉప్పూ కారం పట్టించాం కాబట్టి నిలవ ఉంటుందని చాలామంది నమ్ముతారు. దయచేసి నమ్మకండి. మసాలా చెడిన వాసనను కప్పేస్తుంది, చెడిపోవడాన్ని ఆపదు.

• తాగే నీళ్లు, కూరగాయలు వేరే పెట్టెలో.

• అక్కడ కొంటే కళ్లముందు కోయించుకోండి, వెంటనే వండండి. చేపకు మొప్పలు ఎర్రగా, కళ్లు నిగనిగలాడుతూ ఉండాలి.

• అడవి పంది, దుప్పి, కుందేలు మాంసం ఎవరైనా తెచ్చిస్తామంటే ఒప్పుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పక్కనే పులుల అభయారణ్యం ఉంది.

• అనుమతి లేనిచోట పొయ్యి రాజేయవద్దు. ఎముకలు, తొక్కలు సంచిలో కట్టి తిరిగి తీసుకురండి.