మేజర్ ఎంపిక, 3వ పాఠం: చివరి నుంచి వెనక్కి లెక్క వేయడం

గత పాఠంలో మీకు నిజంగా ఇష్టమైన మూడు సబ్జెక్టులను, డిగ్రీ తర్వాత వెళ్లాలనుకుంటున్న చదువును ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఇప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ రెండింటినీ కలిపి చూడటం ఈ రోజు పాఠం. అమెరికా విశ్వవిద్యాలయాలు చాలావరకు రెండో సంవత్సరం ముగిసేలోగా మేజర్, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు, ప్రకటించమంటాయి. కాబట్టి ఈ కసరత్తు మొదటి సంవత్సరంలోనే చేయడం మంచిది.

ముందుగా లా స్కూల్. "లా చదవాలంటే ఏ మేజర్ తీసుకోవాలి?" అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. ఏదైనా తీసుకోవచ్చు. లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ ఫలానా మేజరే చదవాలని సిఫారసు చేయదు. రాజనీతి శాస్త్రం, చరిత్ర, తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివినవారు ఎక్కువగా కనిపిస్తారు గానీ గణితం, సంగీతం, నర్సింగ్ చదివి వచ్చేవారూ ఉన్నారు. ఇంట్లోవాళ్లు చెప్పారనో, తోటివాళ్లంతా అదే తీసుకున్నారనో ఇష్టంలేని రాజనీతి శాస్త్రంలో నాలుగేళ్లు గడిపే విద్యార్థులను తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఆ త్యాగాన్ని ఏ లా స్కూలూ అడగలేదు.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. కొత్త యంత్రాలు, మందులు, రసాయనాల వంటి ఆవిష్కరణల పేటెంట్ దరఖాస్తులను అమెరికా పేటెంట్ కార్యాలయం ముందు నడిపించాలంటే దానికి వేరే పరీక్ష రాయాలి. ఆ పరీక్షకు కూర్చోవడానికి ఇంజినీరింగ్ లేదా సైన్స్ డిగ్రీ, లేకపోతే దానికి సరిపడా సైన్స్ కోర్సులు కావాలి. లా డిగ్రీ పూర్తయ్యాక ఈ లోటు తెలిస్తే మళ్లీ కెమిస్ట్రీ, ఫిజిక్స్ తరగతులకు వెళ్లాల్సి వస్తుంది.

లా స్కూల్ అన్నిటికంటే ముందు చూసేవి జీపీఏ (గ్రేడుల సగటు), ఎల్‌శాట్ స్కోరు. ఎల్‌శాట్ లా స్కూల్ ప్రవేశ పరీక్ష, స్కోరు 120 నుంచి 180 వరకు ఉంటుంది. 2024 ఆగస్టు నుంచి అందులో లాజిక్ గేమ్స్ విభాగం లేదు. ఇప్పుడు స్కోరుకు లెక్కించేవి రెండు తార్కిక విభాగాలు, ఒక పఠన విభాగం. అంటే చిక్కని వాక్యాలు చదివి, రచయిత వాదన ఎక్కడ నిలబడిందో, ఎక్కడ జారిందో పట్టుకోవడమే పరీక్ష. మీ మేజర్ ఏదైనా సరే, ప్రతి సెమిస్టరులో కనీసం ఒక తరగతి అలాంటి చదువు చదివించేదిగా, మీ చేత వ్యాసాలు తిరగరాయించేదిగా ఉండాలి.

ఇక జీపీఏ. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే ఈ నియమాలు చాలామందికి దరఖాస్తు వేసే ఏడాదిలో గానీ తెలియవు. లా స్కూళ్లు మీ విశ్వవిద్యాలయం వేసిన జీపీఏతో సరిపెట్టుకోవు. ఎల్‌శాట్ నిర్వహించే సంస్థ ఎల్‌శాక్, మీరు చదివిన ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడుల పత్రం) తెప్పించుకుని తన పద్ధతిలో మళ్లీ లెక్క వేస్తుంది. ఒక మూడు క్రెడిట్ల కోర్సులో 'డి' గ్రేడు (1.0) వచ్చిందనుకుందాం. మళ్లీ చదివి 'ఏ' గ్రేడు (4.0) తెచ్చుకున్నారు. మీ విశ్వవిద్యాలయం పాత గ్రేడును క్షమించి 4.0 మాత్రమే లెక్కలోకి తీసుకోవచ్చు. పాత గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్ మీద కనబడుతున్నంత వరకు ఎల్‌శాక్ రెండింటినీ కలుపుతుంది. 1.0, 4.0 కలిసి సగటు 2.5 అవుతుంది. హైస్కూల్లో ఉండగా కాలేజీ క్రెడిట్ కోసం చదివిన కోర్సుల గ్రేడులు కూడా ఇందులో చేరతాయి. మరోవైపు 'ఏ ప్లస్' గ్రేడు ఇచ్చే కాలేజీలో చదివితే దాన్ని 4.33గా లెక్కిస్తారు. మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ చేతికొచ్చాక ఎల్‌శాక్ వేసిన ఆ జీపీఏ ఇక మారదు. తర్వాత మాస్టర్స్‌లో ఎంత బాగా చదివినా దీన్ని పెంచలేరు.

ఈ అంకె ప్రవేశంతోనే ఆగదు, డబ్బుకూ అదే ఆధారం. లా స్కూళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్పులు చాలావరకు జీపీఏ, ఎల్‌శాట్ స్కోర్ల మీదే ఆధారపడతాయి. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే లా విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వ విద్యారుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు దాటకూడదన్న పరిమితి వచ్చింది. ఖరీదైన స్కూళ్లలో ఫీజు, ఖర్చులు కలిపితే ఇది చాలదు. అందుకే మొదటి సెమిస్టరు గ్రేడులను తేలిగ్గా తీసుకోవద్దని ఇంతగా చెబుతున్నాను.

గ్రాడ్యుయేట్ స్కూల్, అంటే మాస్టర్స్, పీహెచ్‌డీ చదువులు, దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ చూసేది మీరు ఏయే కోర్సులు చదివారు, ఎవరి దగ్గర పరిశోధన చేశారు అన్నది. ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ తీసుకోండి. మంచి కార్యక్రమాలు మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, గణాంకశాస్త్రం ఆశిస్తాయి. రియల్ అనాలిసిస్ (క్యాలిక్యులస్‌ను నిరూపణలతో చదివే కోర్సు) కూడా ఉంటే దరఖాస్తుకు బలం. చాలాచోట్ల ఈ చివరిది లేకుండానే ఆర్థికశాస్త్రంలో మేజర్ పూర్తవుతుంది. పట్టా మీద సబ్జెక్టు పేరు సరిగ్గానే ఉన్నా దరఖాస్తు బలహీనంగా మిగిలిపోవడానికి కారణం ఇదే. చరిత్రలో పీహెచ్‌డీకైతే మీరు ఎంచుకున్న ప్రాంతపు భాష చదవగలగాలి, దానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు వెనక్కి లెక్క వేద్దాం. నాలుగేళ్ల డిగ్రీ పూర్తవగానే పీహెచ్‌డీలో చేరాలంటే దరఖాస్తులు సాధారణంగా చివరి ఏడాది డిసెంబరు ప్రాంతంలో పంపాలి. ఆ నాటికి చేతిలో ఉండేవి ఆరు సెమిస్టర్ల గ్రేడులు. కాబట్టి రియల్ అనాలిసిస్ ఆరో సెమిస్టరుకు పూర్తి కావాలి, ఐదో సెమిస్టరుకే అయితే ఇంకా మేలు. దానికి ముందు గణిత నిరూపణలు నేర్పే కోర్సు నాలుగులో, లీనియర్ ఆల్జీబ్రా మూడులో, మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్ రెండులో ఉండాలి. నాలుగో సెమిస్టరు చివర్లో "నాకు పీహెచ్‌డీ కావాలి" అని తేల్చుకున్న విద్యార్థి, గణితం మొదలుపెట్టి ఉండకపోతే ఒక ఏడాది ఆలస్యమవుతుంది.

లా, పీహెచ్‌డీ మధ్య తేల్చుకోలేకపోతున్నవారికి నా సలహా ఇది. కోర్సుల విషయంలో కఠినంగా ఉండేది గ్రాడ్యుయేట్ స్కూల్ కాబట్టి ఆ కోర్సులకు ముందు చోటివ్వండి. గణితం చదివినందుకు లా స్కూల్ మిమ్మల్ని తక్కువగా చూడదు. చదవనందుకు ఆర్థికశాస్త్ర పీహెచ్‌డీ కమిటీ తప్పకుండా చూస్తుంది. అయితే ఆ కోర్సుల్లో వరుసగా సి గ్రేడులు వస్తే లా దారి కూడా ఇరుకవుతుంది. అందుకే ఆ వరుసలో మొదటి కష్టమైన కోర్సును రెండో సెమిస్టరులోనే, మిగతా భారం తక్కువగా ఉంచుకుని తీసుకోండి. గ్రేడు ఎలా వచ్చిందో చూసుకోండి. దానితో పాటు, పరీక్ష అయిపోయాక కూడా ఆ లెక్కల గురించి ఆలోచించాలనిపించిందా అని నిజాయితీగా ప్రశ్నించుకోండి. లేదనిపిస్తే వెనకడుగు వేయడానికి అదే సరైన సమయం, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక అభ్యాసం. మీరు కోరుకునే గ్రాడ్యుయేట్ కార్యక్రమాలు మూడింటి ప్రవేశ పేజీలు తెరిచి, వాళ్లు ఆశిస్తున్న కోర్సులను ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోండి. మీ విశ్వవిద్యాలయ కేటలాగులో ఒక్కో కోర్సుకు ముందు ఏమేం చదవాలో, అది ఏ సెమిస్టర్లలో ఇస్తారో వెతకండి. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే ఇస్తారు, వాటి కింద గీత గీయండి. ఆరో సెమిస్టరు నుంచి మొదటి దాకా గడులు గీసి ఆ కోర్సులు నింపండి. లా మీద ఆసక్తి ఉన్నవారు రెండు లా స్కూళ్ల "509 నివేదిక" వెతికి చూడండి. ప్రతి స్కూలూ తప్పనిసరిగా ప్రచురించే ఆ పత్రంలో చేరిన విద్యార్థుల జీపీఏ, ఎల్‌శాట్ మధ్యస్థ అంకెలు, ఎంతమందికి ఎంత స్కాలర్‌షిప్పు ఇచ్చారన్న వివరాలు ఉంటాయి. ఆ అంకెలను మీ పట్టిక పక్కన రాయండి.

నాలుగో పాఠం సిఫారసు లేఖల గురించి. గ్రాడ్యుయేట్ స్కూళ్లు సాధారణంగా మూడు అడుగుతాయి. మీ పట్టికలో ఏ తరగతిలో ఏ ప్రొఫెసర్ మిమ్మల్ని దగ్గరగా చూడగలరో అక్కడ చిన్న గుర్తు పెట్టుకుని రండి.