బ్రిటన్‌లో కారు నేర్చుకుంటున్న మనవారికి: ముప్పును ముందే పసిగట్టే అలవాటు

హైదరాబాదులోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి కారు నడిపి బ్రిటన్‌కు వచ్చినవారికి ఇక్కడి రోడ్డు మొదట కొత్తగా అనిపించదు. ఇక్కడా ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగు కుడివైపే ఉంటుంది. స్థిరపడిన నాటి నుంచి 12 నెలల వరకు మన లైసెన్సుతోనే నడపవచ్చు; ఆ తరువాత ప్రొవిజనల్ లైసెన్సు (నేర్చుకునేవారి లైసెన్సు) తీసుకుని, ఎర్రని ‘ఎల్’ పలకలు తగిలించుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాలి. అనుభవం ఉన్నవారికి ఇది చిన్నతనంగా తోచవచ్చు గానీ, మానుకోవలసిన అలవాట్లు ఎక్కువగా ఉండేది వారికే.

అందులో మొదటిది హారన్. మన దగ్గర మలుపు వస్తే హారన్ కొట్టి, ఎదుటివారు తప్పుకుంటారన్న ధీమాతో అదే వేగంతో పోతాం. ఇక్కడ ఆ పని కుడికాలు చేయాలి. అనుమానం కలగగానే యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి బ్రేకు మీద ఆనించాలి. లైట్లు కొట్టడం ఇంకా చిక్కైన విషయం: మన దగ్గర దాని అర్థం ‘నేను ఆగను’ అని; ఇక్కడ చాలామంది ‘మీరు వెళ్లండి’ అనడానికి కొడతారు. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్ ప్రకారం అది ‘నేనిక్కడ ఉన్నాను’ అని తెలపడానికి మాత్రమే కాబట్టి, ఎవరో లైట్లు కొట్టారని కదలకుండా, దారి ఖాళీగా ఉందో లేదో మీరే చూసుకోండి.

రెండు పక్కలా కార్లు ఆపి ఉన్న ఇళ్ల వీధిని ఊహించుకోండి. ఆగి ఉన్న కారులో డ్రైవరు తల కనిపిస్తే తలుపు తెరుచుకోవచ్చు. ముందు చక్రం మీవైపు తిరిగితే ఆ కారు బయటికి రాబోతోంది. వ్యాను కింద నుంచి చిన్న పాదాలు కనిపిస్తే మరుక్షణం పిల్లవాడు రోడ్డు మీద ఉండవచ్చు. అందుకే ఆగిన కార్లకు తలుపంత ఎడం వదలాలి. గంటకు 30 మైళ్ల వేగంలో కారు ఆగడానికి 23 మీటర్లు పడుతుంది. అందులో 9 మీటర్లు మీ కాలు బ్రేకును చేరేలోపే గడిచిపోతాయి. ముందు వాహనానికి 2 సెకన్ల ఎడం ఉంచండి. వానలో దాన్ని రెట్టింపు చేయండి. మంచు గడ్డకట్టిన ఉదయాల్లో పది రెట్లు కూడా అవసరం కావచ్చు.

థియరీ పరీక్షలోని హజార్డ్ పర్సెప్షన్ భాగం ఈ చూపునే పరీక్షిస్తుంది. 14 వీడియోల్లో 15 ముప్పులు ఉంటాయి, 75కు 44 మార్కులు రావాలి. ముప్పు రూపుదిద్దుకుంటుండగా మౌసును ఎంత త్వరగా నొక్కితే అంత ఎక్కువ మార్కులు వస్తాయి గానీ, ఊరికే నొక్కుతూ పోతే ఆ వీడియోకు సున్నా వేస్తారు. డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని, ఎదురయ్యే ముప్పులను మనసులో చెప్పుకుంటూ పోవడం నా దృష్టిలో మంచి సాధన.

కూడలిలో మలుపు తిరిగేటప్పుడు, మీరు వెళ్లబోయే రోడ్డు దాటడానికి ఎవరైనా నిలబడి ఉంటే వారికే దారి ఇవ్వాలని 2022 జనవరిలో హైవే కోడ్ మార్చారు. సైకిలును దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల ఎడం ఉంచాలి.

పల్లె దారుల్లో తెల్లని వలయం మీద నల్లని అడ్డగీత ఉన్న బోర్డు కనిపిస్తే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద కార్లకు గంటకు 60 మైళ్లు గరిష్ఠ పరిమితి అని అర్థం. పొదల మలుపులో అంత వేగంగా పొమ్మని కాదు. మలుపు అవతల గుర్రం మీద ఎవరైనా వస్తుండవచ్చు. అప్పుడు వేగం 10 మైళ్లకు తగ్గించి, హారన్ కొట్టకుండా, ఇంజను రేజ్ చేయకుండా, కనీసం 2 మీటర్ల దూరం నుంచి దాటండి. అంత చోటు లేకపోతే వెనకే ఆగి ఉండండి.