కత్తెర ఎండలకు ముందే: పాత స్పోర్ట్స్ కారుకు కొత్త కూలింగ్ కట్టించేవారికి జాగ్రత్తలు

ఇటీవల భాకరాపేట కనుమలో ఒక పాత ఎంజీబీ కారు (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఆవిరి కక్కుతూ నిలిచిపోయింది. అల్యూమినియం రేడియేటర్, కరెంటు ఫ్యాన్, హోస్ పైపులు అన్నీ దానికి కొత్తగా వేయించినవే; ఖర్చుకు ఎక్కడా వెనుకాడలేదు. మలుపులు ఎక్కుతున్నప్పుడు వేడి గేజీ ముల్లు పైకి పోయి, కాసేపటికి దానంతట అదే దిగివచ్చిందనీ, బండి చల్లబడిందన్న ధైర్యంతో ఇంకా ముందుకు పోనిచ్చామనీ నడిపినవారు చెప్పారు. ఇంజిన్ విప్పి చూస్తే హెడ్, అంటే సిలిండర్లను పైనుంచి కప్పే లోహపు దిమ్మె, వంగి ఉంది; దాని కింద బిగించే గాస్కెట్ పొర రెండు సిలిండర్ల నడుమ కాలిపోయి ఉంది. చెన్నై, బెంగళూరుల నుంచి చిత్తూరు మీదుగా, తిరుపతి మీదుగా ఇలాంటి కార్లు తెచ్చుకునేవారూ, ఇక్కడే షెడ్డులో పెట్టుకుని బాగుచేయించుకుంటున్నవారూ కత్తెర మొదలయ్యేలోపు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

నీళ్లు చూసుకోండి, బెల్టు చూసుకోండి అనే మాటలు ఇక్కడ రాయబోవడం లేదు. స్పోర్ట్స్ కారు కొనుక్కున్న మనిషికి ఆ మాత్రం తెలిసే ఉంటుంది. తెలియనిది వేరే ఉంది.

ఇంజిన్‌లో చిక్కుకున్న గాలి

కూలింగ్ మార్పించుకున్న కార్లలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం రేడియేటర్ చిన్నదవడం వల్ల జరగలేదు. నీళ్లు పోసే మూత ఇంజిన్ హెడ్ కంటే కింద ఉండటం వల్ల జరిగాయి. మన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ-సిరీస్ ఇంజిన్ల కుటుంబానికి చెందినవే కనుక, పాత అంబాసిడర్ మెకానిక్కులు ఎంజీబీని కూడా నమ్మకంగా విప్పుతారు. ఆ నమ్మకం చాలావరకు సరైనదే. అయితే అంబాసిడర్ రేడియేటర్ ఎత్తుగా నిలబడి ఉంటుంది, మూత పైన ఉంటుంది, పోసిన నీళ్లు గాలిని తోసుకుంటూ నిండుతాయి. బానెట్ నేలకు వంగినట్టుండే స్పోర్ట్స్ కారులో పొట్టి రేడియేటర్‌ను కిందికి దించి బిగించినప్పుడు, మూత అంచు వరకు నీళ్లు కనిపిస్తున్నా, హెడ్ పైభాగంలోనూ థర్మోస్టాట్ (వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) గూటిలోనూ గాలి అలాగే ఉండిపోతుంది. నీళ్లలో బోర్లించి ముంచిన చెంబులోంచి గాలి ఎలా పోదో, ఇదీ అంతే.

ఆ గాలి చేసే కీడు రెండు విధాలుగా ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉండే ఇనుము అన్నిటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. అక్కడ నీరు తాకకపోతే ఆ వేడిని తీసుకుపోయేది ఏదీ ఉండదు, ఆవిరికి ఆ శక్తి లేదు. ఇక ఆ గాలి కదిలి వాటర్ బాడీలోకి, అంటే నీళ్లను తిప్పే పంపులోకి, చేరిందంటే, లోపలి రెక్కలు గాలిలో తిరుగుతాయి, నీళ్ల ప్రవాహం ఆగిపోతుంది. గేజీ తాలూకు బల్బు (దీపం కాదు, వేడిని పసిగట్టే లోహపు మొన) నీళ్లలో మునిగి ఉన్నప్పుడే సరైన వేడి చూపుతుంది. నీళ్లు పోయి బల్బు ఆవిరిలో మిగిలితే ముల్లు దిగుతుంది. కనుమ ఎక్కుతుండగా, కాలు యాక్సిలరేటర్ మీదే ఉండగా ముల్లు దిగివచ్చిందంటే చల్లబడిందని అర్థం చేసుకోకండి. నీళ్లు లేవని అర్థం చేసుకుని వెంటనే ఇంజిన్ ఆపండి.

దీనికి మందు హెడర్ ట్యాంకు. మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తైన చోట, సాధారణంగా బానెట్ వెనుక అంచు కింద, ఒక చిన్న ట్యాంకు బిగించి, ప్రెషర్ మూతను (లోపలి ఒత్తిడిని నిలిపే మూతను) దానికే పెట్టాలి. దాని అడుగు నుంచి ఒక పైపు వాటర్ బాడీ నీళ్లు పీల్చుకునే వైపుకు వెళ్లాలి. రేడియేటర్ పైకొస నుంచి ఒకటి, థర్మోస్టాట్ గూటి నుంచి ఒకటి, సన్నని గాలి పైపులు ట్యాంకు పైభాగానికి రావాలి. రేడియేటర్ మీద ఉన్న పాత మూత స్థానంలో వాల్వు లేని గట్టి మూత వేయాలి; లేకపోతే రెండు మూతల్లో ఏది బలహీనమైతే అదే తెరుచుకుంటుంది. చాలా షెడ్డుల్లో మూతకు అవతల వేలాడే ప్లాస్టిక్ సీసాను కొంచెం ఎత్తుగా కట్టి హెడర్ ట్యాంకు పెట్టామని చెబుతారు. అది వ్యాకోచించిన నీళ్లు చేరే సీసా మాత్రమే, దానిలో ఒత్తిడి ఉండదు, అది గాలిని బయటికి తీయలేదు. ఆ సీసా కూడా అవసరమే: ఐదున్నర లీటర్ల కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) బాగా వేడెక్కితే సుమారు పావు లీటరు పెరుగుతుంది, చల్లారాక అది వెనక్కి రావాలి. కనుక గొట్టం కొస సీసా అడుగును తాకేలా ఉండాలి.

నింపడం కూడా ఒక పనే. కారు ముందు చక్రాలను ర్యాంపు మీదికి ఎక్కించి ముక్కు పైకి ఉండేలా నిలపండి, కారు లోపలి హీటర్‌కు ఇంజిన్ నీళ్లు వెళ్లే వాల్వు పూర్తిగా తెరవండి, గరాటుతో సన్నని ధారగా పోయండి. కొంత నిండాక పై హోస్‌ను చేత్తో పిండి వదిలితే లోపల గుడగుడమని చప్పుడై, మూత నోటి దగ్గర బుడగలు వరుసగా లేచి పగులుతాయి, మట్టం ఒక్కసారిగా వేలెడు దిగుతుంది. మళ్లీ పోయండి, మళ్లీ పిండండి. చప్పుడు ఆగాక కూడా థర్మోస్టాట్ తెరుచుకునే వరకు ఇంజిన్ నడిపి, పూర్తిగా చల్లార్చి, మరునాడు ఉదయం మళ్లీ మట్టం చూడండి. ఒకే పూటలో నింపి, అదే పూట కనుమ ఎక్కించకండి.

మూత, థర్మోస్టాట్

తొలినాటి ఎంజీబీలకు 7 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూత వచ్చేది. ఆ ఒత్తిడిలో మామూలు నీరు సుమారు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ మూత వేస్తే అది 121 దగ్గరికి పోతుంది. దాని వల్ల ఇంజిన్ వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గదు, మరగడం మాత్రమే ఆలస్యమవుతుంది; ఆ ఒత్తిడంతా యాభై ఏళ్ల నాటి హీటర్ టంకాల మీద పడుతుంది, ఆ హీటరేమో మీ పాదాల పక్కనే ఉంటుంది. అన్ని భాగాలూ కొత్తవి కానంతవరకు పెద్ద మూత వేయకండి. మూత సడలిపోతే జరిగేది అంతకంటే చెడ్డది. సముద్రమట్టానికి సుమారు 1265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్‌లీ కొండల మీద, ఒత్తిడి నిలవని రేడియేటర్‌లోని నీరు 96 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడుతుంది.

థర్మోస్టాట్‌ను తీసి పారేయమని సలహా ఇచ్చేవారు మన ప్రాంతంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ మాట వినకండి. దాన్ని తీసేస్తే చల్లని ఉదయం ఇంజిన్ సరిగా వేడెక్కదు, అరుగుదల పెరుగుతుంది, నీళ్లు ఏ దారిలో ఎంత పోవాలో అదుపు తప్పుతుంది. వేడి ప్రాంతాలకు 74 డిగ్రీలది, మామూలుగా 82 డిగ్రీలది సరిపోతుంది. తక్కువ డిగ్రీలది వేసినంత మాత్రాన చాలని రేడియేటర్ చాలినదైపోదు. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి తెరుచుకుంటుందో లేదో కళ్లతో చూడండి. గాలి పోయే చిన్న రంధ్రం దానికి ఉందో లేదో చూసి, దాన్ని పైవైపుకు తిప్పి బిగించండి. రంధ్రం లేకపోతే 3 మిల్లీమీటర్లది వేయించండి. మళ్లీ చెబుతున్నాను, ఇదంతా ఆ గాలి కోసమే.

ఫ్యాన్, కరెంటు

1967కు ముందు ఎంజీబీలకు డైనమో ఉండేది, గరిష్ఠంగా 22 ఆంపియర్లు ఇచ్చేది, పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి కలిపి ఉండేది. కొత్త కరెంటు ఫ్యాన్‌ను వైర్ల రంగులు చూసి కలిపితే అది తిరగబడి తిరిగి, కారు వేగానికి లోపలికి రావలసిన గాలిని బయటికి తోస్తుంది. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వింటూనే ఇంజిన్ కాలిపోతుంది. ఫ్యాన్ వేసి రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టుకోండి. అది రేడియేటర్‌కు అంటుకోవాలి. రాత్రి హెడ్‌లైట్లు, ఫ్యాన్ కలిపి డైనమో మోయగలదో లేదో లెక్క వేయండి. రిలే, ఫ్యూజు లేకుండా డ్యాష్‌బోర్డు స్విచ్ నుంచి నేరుగా లాగకండి.

రేడియేటర్ చుట్టూ సందులు స్పాంజితో మూయించండి. గాలి సులువైన దారినే వెతుక్కుంటుంది; పక్క సందు దొరికితే రేడియేటర్ రెక్కల గుండా పోదు.

బోరు నీళ్లు పోయకండి. మన జిల్లా బోరు నీళ్ల గట్టిదనం ఇంట్లో స్టీలు బిందె అంచున కట్టే తెల్లని పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర ఇంజిన్ లోపల కట్టి వేడిని బయటికి రానివ్వదు. డిస్టిల్డ్ వాటర్ కొనండి. బ్యాటరీ షాపులో కొంటే అది యాసిడ్ క్యాను కాదని చదివి చూసుకోండి.

పాత రాగి-ఇత్తడి రేడియేటర్ ఉంచుకుంటే టంకానికి సరిపడే పాతరకం ఆకుపచ్చ కూలెంట్ పోయండి. రెండు రకాల కూలెంట్లు కలపకండి. రంగు చూసి నమ్మకండి, డబ్బా మీది వివరం చదవండి. డబ్బాలో చెప్పిన పాళ్ల కంటే పలచన చేయకండి. మనకు మంచు లేదు కానీ తుప్పు ఉంది.

హెడర్ ట్యాంకులో నీటి మట్టం తగ్గితే వెలిగే ఎర్ర దీపం ఒకటి పెట్టించండి. గేజీ అబద్ధమాడినప్పుడు మీకు నిజం చెప్పేది అదొక్కటే. మిగతా అందచందాలు తరువాత.

కింది హోస్ లోపల స్ప్రింగు ఉందో లేదో తడిమి చూడండి. ఇంజిన్ వేగం పెరిగినప్పుడు ఆ హోస్ లోపలికి నొక్కుకుపోతే ప్రవాహం ఆగుతుంది.

బంకుల్లో దొరికే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. కార్బొరేటర్ తనంతట తాను దానికి సర్దుకోలేదు, పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడుతుంది, వేడి పెరుగుతుంది. కూలింగ్ మార్చే ముందు మిశ్రమం, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేయించండి.

రేడియేటర్ పట్టడానికి బాడీని కోయనివ్వకండి. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నుంచి ఉన్న వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు.

పని పూర్తయ్యాక మొదటి ప్రయాణం కనుమకు వద్దు. రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలిపి పరీక్షించండి. అక్కడ తట్టుకోలేనిది మొగిలి కనుమ ఎక్కదు.

ఎక్కేటప్పుడు తక్కువ గేరులో, ఇంజిన్ చురుగ్గా తిరిగేలా నడపండి. పెద్ద గేరులో గుంజకండి. వేడి పెరుగుతుంటే హీటర్ వేయండి. చెమట కారినా సరే, అది రెండో రేడియేటర్.

వేడి మీద మూత తీయకండి. గుడ్డ కప్పి కూడా తీయకండి. పక్కన నిలబడిన పెద్దాయన ఏమీ కాదన్నా తీయకండి.

వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోయకండి. ఇనుప హెడ్ పగులుతుంది.

ముల్లు పైకి పోయి దిగివస్తే ఆపండి. ఆపాక మళ్లీ స్టార్ట్ చేసి చూడకండి. చల్లారాక నీళ్లు పోసి మెల్లగా ఇంటికి తోలుకుపోదామని అనుకోకండి. ఆ మెల్లగా వచ్చిన దూరమే హెడ్ వంచుతుంది. బండిని లారీ మీద ఎక్కించి తీసుకురండి, హెడ్ విప్పించి లేత్ షాపులో సమంగా ఉందో లేదో చూపించండి, హెడర్ ట్యాంకు లేకుండా మళ్లీ బిగించనివ్వకండి.